మధ్యలో ఖాళీ

మూడంతస్తులు ఎక్కేసరికి నా పని అయిపోయింది. మంచం పట్టినవాళ్లకు, చూపు లేనివాళ్లకు ఇళ్లకెళ్లి కంప్యూటర్ నేర్పడం నా ఉద్యోగం. లిఫ్టు లేని ఇళ్లన్నీ ఏరి మరీ నాకే ఇస్తారనుకుంటాను.

ఈ ఇంట్లో ఉన్నది టైలర్. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. మాట్లాడితే తెర మీద అక్షరాలు పడే ఏర్పాటు అలవాటు చేస్తున్నాను. కంప్యూటరే అతని గొంతుకు ఇంకా అలవాటు పడలేదు. నీళ్లు అంటే వేళ్లు అని రాస్తుంది.

గుమ్మం దగ్గర సంచి కట్టి ఉంది. టైలర్ తల్లిది. కూతురింటికి వెళ్లిపోతుందట. వారం నుంచి ఆవిడ అన్నం గిన్నెతో మంచం దగ్గరికొస్తే చాలు, కొడుకు తల అడ్డంగా ఊపుతూ ‘అమ్మ వద్దు’ అంటున్నాడని కోడలు నాతో మెల్లగా చెప్పింది. అత్త వెళ్లిపోతే ఒక్కతే ఎలా నెట్టుకురావాలో ఆమెకు తోచడం లేదు.

ముందు గదిలో ఎవరో కుట్టుమిషన్‌కు తాడు కడుతున్నారు. ఇక తొక్కేవాళ్లెవరని, పోయిన వారమే బేరం కుదిర్చారట.

టైలర్‌కు మైకు పెట్టాను. ఆయాసపడుతూ ఒక్క మాట అన్నాడు. తెర మీద పడింది: అమ్మ వద్దు.

“కంప్యూటర్ కూడా అదే రాసింది కదమ్మా,” అని తల్లి సంచి అందుకుంది.

నాకు ఒళ్లు మండింది. అన్నం పెట్టే చేతిని కాదనేవాడికి పాఠాలెందుకని నా బ్యాగు సర్దడం మొదలుపెట్టాను.

టైలర్ ఎడమచేత్తో బల్ల మీద కొట్టాడు. తర్వాత వేలు మీట మీదకు తెచ్చాడు. నేనతనికి నేర్పింది రెండే మీటలు, ఒకటి వెనక్కి జరగడానికి, ఒకటి చెరపడానికి. అక్షరం అక్షరం వెనక్కి జరిగి, రెండు మాటల మధ్య ఆగి, అక్కడి ఖాళీని చెరిపేశాడు.

అమ్మవద్దు.

ముందు గది వైపు చూస్తున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

భార్య అటు పరిగెత్తింది. కొనడానికొచ్చినాయన గొణుక్కుంటూ తాడు విప్పడం వినిపించింది.

తల్లి సంచి పట్టుకునే నిలబడిపోయింది.

“ముందే చెప్పొచ్చు కదరా,” అంది.

వారం నుంచి అతను చెబుతున్నది అదే. నాకు తలెత్తి ఎవరినీ చూడాలనిపించలేదు. ఆవిడ సంచి కింద పెట్టి, వంటింట్లోకెళ్లి గిన్నె తెచ్చి, మంచం మీద కూర్చుంది. అతను నోరు తెరిచాడు.