పసుపు కడగని రాయి

నేను ఒక సర్వే రాయిని. రాయి అని పేరే గాని, పుట్టింది సిమెంటు అచ్చులో. నెత్తిన ఎర్రరంగు పూసి, నాలాంటి వాళ్లతో కలిపి లారీలో పడేసి, ఏజెన్సీ కొండల్లోని మొయిలగెడ్డ అనే వాగు ఒడ్డుకు తెచ్చారు. గెడ్డకు అడ్డంగా గోడ కట్టి కరెంటు తీస్తారట. ఆ గోడ ఎక్కడ లేవాలో చూపించడమే నా ఉద్యోగం. నన్ను పాతడానికి అక్కడున్న నల్లబండను పగలగొట్టారు. దాని చోటే నన్ను నిలబెట్టారు.

ఆ బండకు ఒక పని ఉండేదని తర్వాత తెలిసింది. తొలివానలకు గెడ్డ పొంగితే గుడ్లతో నిండిన చేపలు ఎదురెక్కుతాయి. అప్పుడు ఊరి పెద్దామె చిలకమ్మ బండకు పసుపు రాస్తుంది. ఇక ఎవరూ నీళ్లలో చేపలు పట్టే వెదురుబుట్ట పెట్టరు, ఆ బండను ముట్టరు. గుడ్లు పెట్టిన చేపలు దిగి వచ్చాక ఆమే గెడ్డనీళ్లతో పసుపు కడుగుతుంది. వేట ఆ తర్వాతే.

ఆ ఏడు వాన పడింది. చూపు మందగించిన చిలకమ్మ తడుముకుంటూ వచ్చి, బండ ఉన్నచోట నిలబడిన నాకు పసుపు రాసి దండం పెట్టింది.

మర్నాడు ఊరంతా గడ్డపారలతో దిగింది. గోడ కడితే చేప ఎక్కదు, పొలాలు మునుగుతాయి. నా తోటివాళ్లను పీకి గెడ్డలో విసిరారు. నా దగ్గరకొచ్చి ఆగిపోయారు.

“నీ కళ్లేటైనాయి పిన్నీ? ఇది ఆళ్ల రాయి!” అన్నాడు చిలకమ్మ అక్క కొడుకు గాసన్న.

“ఎవులిదైతే ఏటిరా, పసుపెట్టేసినాను. చేప దిగినదాకా ముట్టకండి.”

“పసుపుకేటి తెలుసు, ఎవులి రాయో?”

“నీకు తెలుసు గదా. పీకు మరి.”

గాసన్న గడ్డపార ఎత్తాడు. దించాడు. “దిగినాకే పీకుదాం,” అన్నాడు.

చేపలు దిగకముందే పోలీసులతో ఇంజనీర్లు దిగారు. పీకిన గుంతలన్నీ వానకు పూడిపోయాయి. ఎక్కడేముందో తెలియక తలలు పట్టుకున్నారు. అంతలో వానకూ వదలని పసుపుతో పచ్చగా నేను కనిపించాను.

“ఒక్కటి చాలు,” అన్నాడు పెద్ద ఇంజనీరు. నక్షా చూసుకుంటూ నా దగ్గర్నుంచి టేపు లాగి, పోయినవాళ్ల చోట్లన్నీ మళ్లీ గుర్తుపెట్టారు. నా చుట్టూ ముళ్లకంచె వేశారు. చిలకమ్మను ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో.

గోడ లేచింది. నన్ను పెకలించి ఆఫీసు ముందు పూలకుండీల మధ్య నిలబెట్టి, సున్నం వేసి, ‘తొలి రాయి’ అని రాశారు. మనుషులకు దేన్నయినా గౌరవించాలనిపిస్తే ముందు సున్నం వేస్తారు. ఊరు కొండ మీదికి జరిగింది. వెదురుబుట్టలు ఇంకా చూరులకే వేలాడుతున్నాయట. పసుపు కడగలేదు గదా.

మొన్నటి వానల్లో చిలకమ్మ గాసన్న చెయ్యి పట్టుకుని, చెంబుతో నీళ్లు తెచ్చుకుని ఆఫీసు గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ జాలిపడి గేటు తీశాడు.

“రాయి కడుక్కుంటావా మామ్మా? కానీ.”

ఆమె అడుగు వెయ్యలేదు. “చేప దిగినాదా బాబూ?” అంది.

“ఏ చేప?”

చిలకమ్మ గాసన్న చెయ్యి మళ్లీ పట్టుకుంది. చెంబులో నీళ్లు చెంబులోనే ఉంచుకుని వెనక్కి తిరిగింది.

సున్నం కింద నా పసుపు అలాగే ఉంది.