పర్మిట్ ఆఫీసులో పన్నునొప్పి

పళ్ల డాక్టరుకు మనుషుల మొహాలు గుర్తుండవు. పళ్లు మాత్రం చచ్చినా మరిచిపోడు. పెళ్లాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా పైవరుసలో వంకరగా ఉన్న కోరపన్ను చూసి మురిసిపోయాడట. ఆ సంగతి ఆమె ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి అతని పరువు తీస్తుంటుంది.

అలాంటి మనిషి నడుస్తున్న క్లినిక్‌ని కుర్చీతో సహా అమ్మేసి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని పరాయి దేశంలో వచ్చిపడ్డాడు. ఇక్కడొక ఆస్పత్రి ఉద్యోగం ఇస్తానంది గానీ, పర్మిట్ చేతికి రాకుండా ఒక్క పన్ను ముట్టుకున్నా వచ్చిన దారినే పంపించేస్తారు. ఈరోజు తేలకపోతే ఆస్పత్రి ఇంకొకర్ని చూసుకుంటుంది. వెనక్కి వెళ్దామంటే పేషెంటును కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు.

ఆఫీసు గుమ్మం దగ్గర భార్య అతని కాలర్ సరిచేసింది. "అడిగినదానికే జవాబు చెప్పండి. ఎవరి నోట్లోకీ తొంగిచూడకండి. మీ నోరు మీరు మూసుకుంటే సగం పని అయినట్టే."

లోపల కౌంటర్ వెనక అధికారి ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. బల్ల మీద చల్లారిపోయిన కాఫీ, పక్కనే ఖాళీ అయిన నొప్పి బిళ్లల అట్ట. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న డాక్టరు చూపు తిప్పుకుందామనే అనుకున్నాడు. కుక్కతోక సామెత ఊరికే పుట్టలేదు.

"కింద వరుస, చివరి దంతం. చీము పట్టింది," అనేశాడు.

అధికారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వెంటనే తన హోదా గుర్తొచ్చింది. "పర్మిట్ లేకుండానే వైద్యం మొదలెట్టారా?"

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. కొంప మునిగిందనుకున్నాడు. "వైద్యం కాదండీ. దారినపోయేవాడైనా చెప్పేదే."

"సరే, వచ్చారుగా. ఒక్కసారి చూడండి." అధికారి గొంతు తగ్గించి, దవడను ముందుకు జరిపాడు.

డాక్టరు వేళ్లు వాటంతటవే లేచాయి. వాటిని తొడల కింద పెట్టి అదిమాడు. "క్షమించాలి. పర్మిట్ లేదు."

అధికారి మూలుగుతూ కాగితాల మీద పడ్డాడు. "ఈ పనికి ఇక్కడివాళ్లు దొరకలేదని ఆస్పత్రివాళ్లు రాశారు. రాస్తే సరిపోతుందా, నాకు నమ్మకం కలగాలి. ఇంత ఊళ్లో పళ్ల డాక్టర్లే కరువయ్యారా?"

"ఉన్నారేమోనండి. మీరు ఎవరికి చూపించుకున్నారు?"

"ఒకాయన వచ్చే నెలాఖరుకి రమ్మన్నాడు."

"ఇంకొకరు?"

"కొత్తవాళ్లని చూడరట."

"మరి ఆస్పత్రిలో?"

"అక్కడసలు పళ్ల డాక్టరే లేడన్నారు," అని అధికారి చటుక్కున ఆగిపోయాడు. పన్ను సలుపుతున్నా బుర్ర బాగానే పనిచేస్తోంది.

డాక్టరు ఏమీ అనలేదు. పెళ్లయ్యాక మొదటిసారి భార్య మాట అక్షరాలా పాటించాడు.

అధికారి ముద్ర తీసి ధనామని కొట్టాడు. ఆ అదురుకి తనే బుగ్గ పట్టుకున్నాడు.

బయట కాచుకున్న భార్యకు ముందు పర్మిట్ కనిపించింది. ఆ తర్వాత, భర్త వెనకాలే కోటు తొడుక్కుంటూ వస్తున్న అధికారి కనిపించాడు.

"ఈయనెందుకు మన వెంట? నోరు మూసుకోమన్నానా లేదా?"

"మూసుకున్నానే. ఇక తెరవాల్సింది ఆయన."

ఆమె ఫక్కున నవ్వింది. వంకర కోరపన్ను బయటపడింది. ఈ దేశం వచ్చాక దాన్ని చూడటం ఇదే మొదటిసారని డాక్టరుకు అప్పుడు తట్టింది.