అత్తగారు చెప్పిన ఒక్క ఆసు

అత్తగారి నోట నిజం తెలియాలంటే ఆవిడ చెప్పిన లెక్కకు ఒకటి కలుపుకోవాలి. ఆ ఇంటి అల్లుళ్లిద్దరికీ ఇది కంఠోపాఠం. గుడ్లెన్నున్నాయంటే "నాలుగే" అంటుంది, బుట్టలో అయిదుంటాయి. పంచదార అడుగంటిందంటుంది, డబ్బా ఎత్తబోతే చెయ్యి బెణుకుతుంది.

బ్రిడ్జి ఆటలో మాత్రం ఆ క్లబ్బులో ఆవిడకు ఎదురు లేదు. ఏటా జరిగే జంటల పోటీకి రెండేళ్లుగా పెద్దల్లుడు పోస్టుమాస్టరునే వెంటబెట్టుకెళుతోంది. చిన్నల్లుడు దర్జీ. గోళ్లు కొరుక్కుంటూ చూడడమే అతని వంతు. చివరికి ఈ ఆదివారం ఆవిడే అతన్ని జతగా తనకెదురుగా కూర్చోబెట్టుకుంది. పోస్టుమాస్టరు బడి మేష్టారితో జతకట్టి అవతలి పక్షాన కూర్చున్నాడు.

"ఈ ఆఖరి పంపకం గెలిపించండి అల్లుడుగారూ, ఈ ఏడు మీరే నా జత."

దర్జీకి ఏడు ఇస్పేట్లు పడ్డాయి. పాటలో ఇస్పేటే తురుపని ఇద్దరికీ కుదిరింది. పదమూడు పట్లలో పన్నెండు మావేనని పాడేయాలని అతని నాలుక దురద పెడుతోంది. కానీ తన దగ్గరున్నది ఒకే ఆసు. అవతలివాళ్ల దగ్గర రెండుంటే కొంప కొల్లేరే.

"నాలుగు నో ట్రంప్," అన్నాడు. మీ దగ్గర ఆసులెన్ని అని అడగడం అది.

"అయిదు డైమన్లు," అంది అత్తగారు. ఒక్కటే అని జవాబు.

దర్జీ మనసులోనే టేపు తీశాడు. అత్తగారి మాటకు ఎప్పుడూ అంగుళం వదిలి కుట్టాలి. ఒకటంటే రెండన్నమాట.

"ఆరు ఇస్పేట్లు," అన్నాడు. పన్నెండు పట్లూ మావేనని దాని అర్థం.

మొదటి ముక్క వెయ్యాల్సింది పోస్టుమాస్టరు. చేతిలో ఆఠీను ఆసు ఉంది. అతనూ ఆ ఇంటి అల్లుడే, అతనూ ఒకటి కలిపాడు. అత్తగారివి రెండు, ఆరు పాడాడంటే దర్జీది ఒకటి, వెరసి వాళ్ల దగ్గర మూడు, నా దగ్గర ఒకటి, ఇక నా జతగాడు మేష్టారి చేతిలో సున్నా. ఉన్న ఒక్క ఆసూ ఇప్పుడే పారేసుకోవడమెందుకు, రాజు వచ్చినప్పుడు వాడి మెడ మీద వేద్దాం. అలా అనుకుని డైమను వేశాడు.

ఆట ఆడాల్సింది దర్జీ కనుక అత్తగారు తన ముక్కలు బల్ల మీద పరిచింది. ఆసు నిజంగా ఒక్కటే, డైమనుది. కానీ ఆ ఆసు పక్కనే డైమను రాజూ రాణీ ఉన్నారు. దర్జీ తురుపులు లాగేసి, మూడో డైమను మీద తన ఒంటరి ఆఠీను ముక్కను చల్లగా వదిలించుకున్నాడు. కళావరు ఆసుతో మేష్టారు ఒక్క పట్టు తీసుకున్నారు. పోస్టుమాస్టరు ఆసు చివరిదాకా చేతిలోనే మగ్గింది.

"ఎప్పుడూ ఒకటి దాస్తారు కదా అత్తయ్యా," అన్నాడతను ఏడుపు గొంతుతో.

"దాచితే ఇద్దరూ కనిపెట్టేస్తారు. నిజం చెబితేనే ఇద్దరూ మోసపోతారు," అంటూ ఆవిడ ముక్కలు పోగుచేసింది. "ఇద్దరిలో ఎవరు గట్టెక్కుతారో చూద్దామనుకున్నా."

తర్వాత దర్జీ వైపు తిరిగింది. "రేపు అయిదింటికి రండి, సాధన చేద్దాం."

"అలాగే అత్తయ్యా," అని గుమ్మం దాకా వెళ్లి, చెప్పులో కాలు పెట్టి ఆగిపోయాడు దర్జీ. అయిదంటే అయిదా, ఆరా?