ఎర్రదారం ముడి

ఎవరింట్లోనైనా పిల్లాడికి మేనమామ పోలిక వస్తే మురిసిపోతారు. ఈ మేనల్లుడి ఇంట్లో మాత్రం హడలిపోయారు. మామయ్య మగవాళ్లను ప్రేమించి, ఇంట్లోవాళ్లు వద్దనుకుంటే వెళ్లిపోయిన దర్జీ. ఏడేళ్ల కిందట పోయాడు. "దిక్కులేని చావు చచ్చాడు. నీకూ అదే రాసిపెట్టి ఉంది," అనేది అమ్మ. తన మనసు కూడా మగవాళ్ల మీదికే పోతుందని మేనల్లుడు ఎన్నడూ పైకి చెప్పలేదు. ఆవిడే కనిపెట్టేసింది. కన్నతల్లి నోట అలాంటి మాట పదేపదే వింటే ఎంత మొండివాడైనా నమ్మేస్తాడు. ఇరవై అయిదేళ్లొచ్చినా వాడు ఎవరి కళ్లలోకీ సూటిగా చూసి ఎరగడు.

వాడు పనిచేసేది కాజాలు కుట్టే దుకాణంలో. ఊళ్లో దర్జీలు కుట్టిన బట్టలన్నీ గుండీల కోసం అక్కడికే వస్తాయి. ఒక మధ్యాహ్నం కొత్త చొక్కా తిరగేస్తే అడుగంచు మడతలో ఎర్రదారం కనిపించింది. మూడు చుట్లు, ఒక ముడి. అది మామయ్య ముడి. "దిష్టి తగలకూడదురా," అని నవ్వుతూ ప్రతి అంచులోనూ దాచేవాడు. చిన్నప్పుడు వాడికీ నేర్పితే అమ్మ మాన్పించింది.

వారం తిరక్కుండానే ఇంకో చొక్కాలో, ఆ తర్వాత ఒక గౌనులో అదే ముడి. చచ్చినవాడు ఎలా కుడతాడు? వాడికి అన్నం సయించలేదు. వెనక ఖాళీ మిషనును ఎవరో తొక్కుతున్నట్టు చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. మామయ్య తనను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాడు.

గౌను కోసం ఒక పొడుగామె వచ్చింది. వాడు ఉండబట్టలేక "ఈ ముడి ఎవరిదండీ?" అని అడిగాడు.

"మా మాస్టారిది," అందామె. గొంతు మగగొంతు. దాన్ని దాచాలని ఆమె చూడలేదు. "ఇళ్లలోంచి గెంటేస్తే వచ్చినవాళ్లం కొందరం, గెంటకముందే పారిపోయొచ్చినవాళ్లం కొందరం. అందరికీ కుట్టు నేర్పాడు. ఇప్పటికీ ఆదివారాలు ఆయన గదిలోనే చేరి కుడతాం. అందరం ఆ ముడే వేస్తాం."

"ఆయన ఒంటరిగా పోయారట కదా?"

"ఎవరన్నారు? పదిహేడు మందిమి మంచం చుట్టూ ఉన్నాం. గదిలో కాలు పెట్టే చోటు లేదు. వాళ్లక్కకి కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. విని తలుపేసుకుంది." ఆమె వాడి ముఖం పరకాయించి చూసింది. "నువ్వు మేనల్లుడివి కదూ. ఆ ముక్కు ఇంకెవరికొస్తుంది?"

ఆదివారం వాడు ఆ గదికి వెళ్లాడు. మెట్ల మీద ఉండగానే ఆ మిషను చప్పుడు వినిపించింది. లోపల పదిమందికి పైగా కుడుతున్నారు. మూల ఒక్క మిషను ముందు మాత్రం పీట ఖాళీగా ఉంది.

"మేనల్లుడొకడున్నాడు, ఎప్పటికైనా వస్తాడు అనేవాడు. అందుకే ఎవరం కూర్చోలేదు," అంది పొడుగామె.

వాడు కూర్చుని, ఎవరో ఇచ్చిన అంచు కుట్టి, ఎర్రదారం తీసుకుని ముడి వేశాడు. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. వాడు భోరున ఏడ్చాడు, తలెత్తి అందరి కళ్లలోకీ చూస్తూనే.

"ఎక్కడికెళ్లావురా?" ఇంటి తలుపు తీస్తూ అడిగింది అమ్మ.

"మామయ్య దగ్గరికి."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"పదిహేడు మంది ఉన్నారటమ్మా, ఆఖర్న. నువ్వే లేవు."

వాడు లోపలికి వచ్చేశాడు. అమ్మ మాత్రం గడియ మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయింది. వాకిట్లో ఇంకా ఎవరో ఉన్నట్టు, ఆ తలుపు ఎంతసేపటికీ వేయలేకపోయింది.