సొంత బండి లెక్క

యమున చంకలో బిడ్డ వర్ష ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. పొద్దున పది నుంచి పోలీస్ స్టేషన్ బయట రేకుల కింద నిలబెట్టి, రెండు దాటాక లోపలికి పిలిచారు. గోడకానుకొని ఆమె మొగుడు మహేందర్ కూర్చున్నాడు, తువ్వాల లేని భుజాలతో.

నిన్న మధ్యాహ్నం బిడ్డకు ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేస్తే, అతను శామీర్‌పేట చేపల షెడ్డులోంచి ట్రాలీ ఆటో తీసి సూరారం దవాఖానకు ఉరికించాడు. రోజూ దాన్ని నడిపేది అతనే. యజమాని గోపాలరావు ఫోన్ ఎత్తలేదు. బిడ్డ దక్కింది. చేపల లోడు మురిగింది. గోపాలరావు దొంగతనం కేసు పెట్టాడు.

"తిరిగిద్దామనుకుంటే దొంగతనం గాదు. కేసు నిలబడాల్నంటే బండి ఉంచుకునే ఉద్దేశం ఉండాలె," అంటున్నాడు ఎదురుగా కూర్చున్న గోపాలరావుతో హెడ్ కానిస్టేబుల్ సిద్దిరాములు. యమునను చూసి కాగితం తీశాడు. "చెప్పమ్మా."

"అమ్ముకోనీకి తీస్కపోలే సార్. ఆ బండిని మా సొంత బండి లెక్క సూస్కుంటడు."

కలం గబగబా కదిలింది. "మంచిగ జెప్పినవ్ చెల్లె. గీడ సంతకం పెట్టు," అని కాగితం, కలం ఆమె ముందుకు జరిపాడు.

ఏడో తరగతితో బడి ఆగిపోయిన యమున వేలు పెట్టి కూడబలుక్కుంది. 'వాహనాన్ని శాశ్వతంగా సొంతం చేసుకొనే ఉద్దేశంతో...' అక్కడ వేలు ఆగిపోయింది.

"శాశ్వతంగ అంటే ఏంది సార్?"

"ఎప్పటికీ అని. నువ్వే గదా సొంతమన్నవ్?"

మహేందర్ తలెత్తి ఆమె వంక చూశాడు. యమున తన నోటితోనే మొగుణ్ణి జైలుకు పంపబోయింది.

"సొంతం లెక్క అంటే, కడుగుతడు, గాలి జూస్తడు అని సార్! షెడ్డుల తాళంచెవి ఎవ్వలు తీస్తే ఆళ్ళ తువ్వాల ఆ గోడ మొలకు తగిలిచ్చి పోవాలె. మల్లొచ్చి తాళంచెవి పెట్టి తువ్వాల దీస్కుంటరు. ఈయనది గాడనే ఉంది. దొంగోడు తువ్వాల ఇడ్సిపోతడా?"

"ఉందయ్యా, ఉంటే?" గోపాలరావు విసుక్కున్నాడు. "తువ్వాలతో నా సరుకు తిరిగొస్తుందా?"

"ఉందన్నడు సార్. గది రాయుండ్రి."

"తువ్వాలకు కాలమ్ లేదు చెల్లె," సిద్దిరాములు నవ్వాడు. "పిల్ల జెరంతోని ఉంది. సంతకం పెట్టి జల్దీ ఇంటికి పో."

వర్ష మూలిగింది. యమున కలానికి మూత పెట్టింది. దాన్ని 'శాశ్వతంగా' అన్న మాట మీద అడ్డంగా ఉంచింది.

"నేనన్నది గిది గాదు. తువ్వాల రాసినంకనే పెడ్త."

బిడ్డను ఒళ్ళో వేసుకొని అక్కడే నేల మీద కూర్చుంది. మహేందర్ చెయ్యి అలవాటుగా తువ్వాల కోసం భుజం మీదికి పోయి, ఉత్త మెడను తడిమి ఆగింది.