రెండు వేళ్ల ఇనుము

సైకిల్ హ్యాండిల్ వంపు తిరిగే చోట స్టిక్కరు కింద గాలిబుడగ పడింది. యలమందయ్య వేడిగాలి మిషను పక్కన పెట్టి, బొటనవేలితో ఆ బుడగను మెల్లగా తోసుకుంటూ పోయి హ్యాండిల్ చివర బయటికి పంపేశాడు. నల్ల స్టిక్కరు ఇనుముకి చర్మంలా అతుక్కుంది. దాని మీద చాప అల్లినట్టు సన్నటి నేత. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే ఆ నేత కదులుతున్నట్టు మెరుస్తుంది. పందేల సైకిళ్లని కార్బన్ అనే నారతో చేస్తారట. ఇనుముకంటే గట్టి, ఎత్తితే చేతికి బరువే తెలియదు అంటారు. అసలు కార్బన్‌ని యలమందయ్య ఏనాడూ చూడలేదు. దాని బొమ్మని మాత్రం ఏళ్ల తరబడి ఇనుముకి అంటిస్తూనే ఉన్నాడు.

బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులూ డాక్టర్ల బోర్డులూ ఒకదాన్నొకటి తోసుకునే ఒక లైన్లో ఉంది ఆ సైకిల్ షాపు. ముందు అద్దాల గది, అందులో ఏసీ, నల్లగా నిగనిగలాడే సైకిళ్లు. వెనక రేకుల షెడ్డు. యలమందయ్య లోకం ఆ షెడ్డే. మే నెలలో ఆ రేకుల కింద నిలబడితే నడినెత్తి ఉడికిపోతుంది. పైగా చేతిలో వేడిగాలి మిషను. ఫ్యాను ఉంది కానీ వేస్తే దుమ్ము లేచి స్టిక్కరు కింద చేరుతుందని ఆయనే వేసుకోడు.

పల్చటి మనిషి. ఎండిన మిరపతొడిమలా మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. బనీను మీద జిగురు మరకలు, చెవిమీద కట్టరు బ్లేడు. వేడి స్టిక్కరుని నొక్కీ నొక్కీ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ దగ్గర వేలు పెడితే మిషను ఈయన్ని మనిషిగా ఒప్పుకోదు. అందుకని బియ్యానికి ఎప్పుడూ భార్య వెంకటేశ్వరమ్మే వెళుతుంది. ఆవిడ మిర్చి యార్డు దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే కూలికి పోతుంది. సాయంత్రం ఇంటికొస్తే ఆవిడ చీర నిండా కారం ఘాటు, ఈయన చొక్కా నిండా జిగురు వాసన. ఇద్దరూ కాసేపు దగ్గి, తుమ్మి, అప్పుడు మాటల్లో పడతారు.

"యలమందయ్యా!" అంటూ శశిభూషణ్ షెడ్డులోకి వచ్చాడు. షాపు ఓనరు. వాళ్ల నాన్న పోయాక ఇతనే చూసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు ఈ యలమందయ్య భుజమ్మీద కూర్చుని బడికి వెళ్లినవాడే. కాకపోతే షాపులోకొచ్చి ఊరికే తిరిగిపోయే ప్రతి మనిషీ అతని గుండెలో ఒక ముల్లు గుచ్చిపోతాడు.

"నిన్న ఒకాయన కొనబోయి ఆగిపోయాడు, తెలుసా? హ్యాండిల్ మధ్యలో తెల్లగా కనపడతంది కదా, అది చూసి 'ఇదేంటండీ, లోపల ఇనుమా?' అన్నాడు. ఇక నుంచి మధ్యలో కూడా అంటించెయ్."

యలమందయ్య హ్యాండిల్ వంక చూశాడు. రెండు కొసల నుంచీ నల్లగా వచ్చిన స్టిక్కరు నడిమధ్య ఆగిపోయింది. అక్కడ రెండు వేళ్ల కంటే కాస్త ఎక్కువ మేర ఇనుము తెల్లగా ఉంది. క్లాంపు వచ్చి హ్యాండిల్‌ని పట్టుకునేది అక్కడే. తొక్కేవాడు ముందుకి వంగితే ఒంటి బరువంతా పడేదీ అక్కడే.

"అక్కడ అంటిస్తే పట్టు ఉండదు బాబూ."

"గట్టిగా బిగిస్తే ఉంటది."

"ఎండకి జిగురు మెత్తబడుద్ది. హ్యాండిలు కిందకి తిరుగుద్ది."

"ఊళ్లో అందరూ నిండా అంటిస్తన్నారు. వాళ్ల సైకిళ్లు నడవట్లేదా? ఇయ్యాల యూసుఫ్ గారి అమ్మాయి సైకిలుంది, దానితోనే మొదలుపెట్టు. సాయంత్రం వస్తారు."

"సరే బాబూ."

ఆయన జన్మలో ఎక్కువసార్లు పలికిన మాట ఏదంటే అదే. శశిభూషణ్ వాళ్ల నాన్న ఆదివారం కూడా రమ్మంటే సరే అన్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే సరే అన్నాడు, నచ్చిందా లేదా అని వెంకటేశ్వరమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా లేచి నిలబడి "సరేనమ్మా" అని వచ్చేశాడు. దారిలో వెంకటేశ్వరమ్మ ఏడుస్తుంటే సైకిలు దిగి, ఆవిడ పక్కనే ఇల్లు వచ్చేదాకా నడిచాడు. కాదు అనడానికి కావలసిన ఓపిక కొంతమందికి పుట్టుకతోనే తక్కువ ఇస్తారు.

అయితే ఆ రెండు వేళ్ల ఇనుము సంగతి వేరు. అది యలమందయ్య సొంత ఆలోచన కాదు, ఆయన నాన్నది. కోటప్పకొండ పక్కన యలమంద వాళ్ల ఊరు. శివరాత్రికి కొండకి ప్రభలు కట్టే ఇంట్లో పుట్టాడు. ఆకాశానికి లేచే ఆ వెదురు చట్రానికి రంగుకాగితాలు ముడత లేకుండా అంటించడం ఆయనకి మీసాలు రాకముందే వచ్చింది. అక్కడ నాన్న పెట్టిన నియమం ఒకటే. తాడు ముడి వేసిన చోట కాగితం అంటించకూడదు. తిరనాళ్లకి వెళ్లే దారిలో ప్రభ ఊగుతుంది, ముడి వదులవుతుంది. ముడి కనపడితేనే బిగించేవాడికి తెలుస్తుంది. ఒక ఏడాది ఎవరో అందం కోసం ముడుల మీద కూడా జిలుగు కాగితం అంటించారు. బండి గుంటలో పడినప్పుడు ఏ ముడి జారిందో ఎవరికీ కనపడలేదు. కింద పడ్డ ప్రభ పక్కన కూర్చుని నాన్న ఆ కాగితాల్ని ఒక్కొక్కటీ చింపుతూ "ఎంతైనా కప్పరా, పట్టు ఉన్న కాడ మాత్రం కప్పమాక" అన్నాడు.

ఇదంతా యజమానికి చెబుదామంటే మాట ఎక్కడ మొదలుపెట్టాలో యలమందయ్యకి తోచలేదు. తోచేలోపు శశిభూషణ్ ఏసీలోకి వెళ్లిపోయాడు.

యలమందయ్య ఇంకో ముక్క కత్తిరించాడు. సబ్బునీళ్లు చల్లి, వేడి చేసి, సాగదీసి, నడిమధ్య తెల్లటి చోటుని కప్పేశాడు. హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నలుపు అయింది. చూడ్డానికి బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. క్లాంపులో పెట్టి, పళ్లు బిగబట్టి బోల్టులు బిగించాడు. రెండు చేతులతో వేలాడి చూశాడు. కదల్లేదు. షెడ్డు నీడలో కదలదని ఆయనకీ తెలుసు.

పొద్దెక్కాక యూసుఫ్ ఊరికే చూసి పోదామని వచ్చాడు. ఆటో తోలతాడు. వెంట కూతురు ఫాతిమా. ఇంటర్‌లో చేరబోతోంది, ఆటోలో నాన్న దింపడం ఇక నామోషీ అని సైకిలు అడిగింది. ఆ పిల్ల తిన్నగా షెడ్డులోకి వచ్చి హ్యాండిల్ మీద వేలితో రాసింది.

"నాన్నా, కార్బన్! చూడు, ఎట్టా మెరుస్తందో!" అని, యలమందయ్య వైపు తిరిగింది. "తాతా, మీరే చేశారా దీన్ని?"

"అంటించానమ్మా."

"బ్రిడ్జి మీద నుంచి దిగేటప్పుడు బ్రేకు పట్టకుండా వదిలేస్తా నేను. మా ఫ్రెండ్స్ అందరికంటే ముందు నేనే ఉండాలి!"

"మెల్లగా తొక్కాలమ్మా" అన్నాడు యలమందయ్య. ఆ పిల్ల నవ్వింది. ముసలివాళ్లు ఆ మాట తప్ప ఇంకేం అంటారు?

వాళ్లు వెళ్లాక ఆయన చాలాసేపు ఆ హ్యాండిల్‌నే చూస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల తాతా అని పిలిచినందుకు గుండెలో ఎక్కడో తడి తగిలింది. దాని వెనకే భయం పట్టుకుంది. బ్రిడ్జి దిగుడు, మధ్యాహ్నపు ఎండ, ముందుకి వంగిన ఒళ్లు, కరిగిన జిగురు. లోపలికెళ్లి చెప్పాలి. చెబితే "గట్టిగా బిగించావా?" అంటాడు. బిగించాను అనాలి. అప్పుడు మాట అక్కడితో అయిపోతుంది.

అన్నం తినే ముందు సైకిలు తీసుకెళ్లి ఎండలో నిలబెట్టాడు. క్యారేజీ విప్పాడు. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి. సహించలేదు. సగం తిని మూత పెట్టాడు. ఇవతలికి వచ్చి హ్యాండిల్ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంది.

"బాబూ, ఒక్క చుట్టు తిప్పుకొస్తా. చైను చప్పుడు వస్తంది" అని అద్దాల తలుపు లోపలికి తల పెట్టి చెప్పాడు. చైను చప్పుడేమీ లేదు. ఆయన చెప్పగలిగిన అబద్ధం అంతే.

చాలా కాలమైంది కొత్త సైకిలెక్కి. కోచింగ్ సెంటర్ పిల్లలు అన్నానికి వెళ్లిపోయారు, లైను ఖాళీగా ఉంది. లైను చివరిదాకా బాగానే వెళ్లింది. వచ్చేటప్పుడు వేగం పెంచాడు. స్పీడ్ బ్రేకరు దగ్గర ఆ పిల్ల వంగినట్టే ముందుకి వంగి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి, బ్రేకు నొక్కాడు.

హ్యాండిల్ ఆయన చేతుల్లోనే గిర్రున కిందికి తిరిగింది. మనిషి దాని మీదుగా ముందుకు వెళ్లి పడ్డాడు. కాలవ అంచు సిమెంటుకి తల తగిలింది. మందుల షాపతను పరిగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టాడు. నెత్తురు పెద్దగా లేదు. చెవి పైన బొప్పి మాత్రం కట్టింది.

షాపు ముందుకి ఆయన నడిచే వచ్చాడు. సైకిల్ని నడిపించుకుంటూ వచ్చాడు. హ్యాండిల్ కొసలు రెండూ నేల చూస్తున్నాయి. శశిభూషణ్ అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చాడు.

"తిరిగింది బాబూ" అన్నాడు యలమందయ్య. గొంతులో నిష్ఠూరం లేదు. పని పూర్తిచేసినవాడు చెప్పినట్టు చెప్పాడు.

శశిభూషణ్ ఆ హ్యాండిల్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశాడు. అతని మొహంలో రంగు పోయింది. "ఆ పిల్ల ఎక్కుంటేనో" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "సరే యలమందయ్యా. అక్కడ తీసెయ్. ఇక ముందు కూడా వద్దులే" అన్నాడు. ఆ షాపులో సరే అన్న మాట అటునుంచి ఇటు రావడం అదే మొదలు.

"తలకి తగిలిందిగా, డాక్టరు దగ్గరికి పోదాం పద. ఇదిగో, పక్కనేగా."

"ఏం కాలేదు బాబూ. కాస్త దిమ్ముగా ఉంది, అంతే."

గోలీసోడా తెప్పించి ఇస్తే తాగాడు. షెడ్డులోకి వెళ్లి, ఫాతిమా సైకిలు హ్యాండిల్ విప్పి, నడిమధ్య బ్లేడుతో చుట్టూ గీత పెట్టి, స్టిక్కరు ఒలిచి, కిరసనాయిలు గుడ్డతో జిగురు తుడిచాడు. ఇనుము మళ్లీ తెల్లగా బయటపడింది. క్లాంపు బిగించాడు. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. సైకిల్ని గోడవారగా నిలబెట్టాడు.

పొద్దున నిండా అంటించిన హ్యాండిల్ ఇంకొకటి బల్ల మీద ఉంది. దాన్ని అందుకున్నాడు. ఒక గీత పెట్టి, ఒలవడం మొదలుపెట్టాడు. గీత రెండుగా కనపడింది. కళ్లు నులుముకున్నాడు. ఒళ్లంతా బస్తాలు మోసినట్టు బరువుగా ఉంది. కానీ ఆ బరువు ఇవాళ్టిది మాత్రమే కాదని, ఎన్నాళ్లదో కలిపి ఒక్కసారిగా దిగుతోందని అనిపించింది. హాయిగానే ఉంది. సైకిళ్లు వచ్చిన అట్టపెట్టె ఒకటి నేల మీద పరుచుకుని, "కాసేపు ఒరుగుతా బాబూ" అన్నాడు. అద్దాల అవతల ఎవరికీ వినపడలేదు.

ఎండ వాలాక యూసుఫ్, ఫాతిమా వచ్చారు. ఆ పిల్ల హ్యాండిల్ మధ్యలో తెల్ల గీత చూసి మొహం ముడుచుకుంది. "పొద్దున నిండా నల్లగా ఉందిగా!" అంది. ఎందుకు ఒలిచాడో యలమందయ్య చేతనే చెప్పిద్దామని శశిభూషణ్ షెడ్డులోకి వెళ్లాడు. "యలమందయ్యా" అని పిలిచాడు. వంగి, భుజం పట్టి కుదిపాడు. తర్వాత యూసుఫ్‌ని పిలిచాడు.

పక్క క్లినిక్ డాక్టరు వచ్చి, నాడి చూసి, చెవి పైన బొప్పి తడిమి, పడిన వెంటనే తీసుకొస్తే దక్కేవాడేమో అన్నాడు.  శశిభూషణ్ ఫోను తీసి వెంకటేశ్వరమ్మకి చేశాడు.

"అమ్మా, నేను శశిని. ఒకసారి షాపు కాడికి రావాలమ్మా."

అవతల ఆడవాళ్ల మాటలు, ఎవరిదో దగ్గు. ఆవిడ గొంతు బెదిరింది. "ఏంది బాబూ? ఆయన పనిలో ఏవన్నా తప్పు చేశాడా?"

  "లేదమ్మా" అన్నాడు శశిభూషణ్. "ఆయన ఏ తప్పూ చెయ్యలేదమ్మా." అని, పెద్దగా ఏడ్చేశాడు.

యూసుఫ్ యార్డు దాకా వెళ్లి ఆవిడని తీసుకొచ్చాడు. మళ్లీ అదే ఆటోలో ఇద్దరినీ ఇంటికి చేర్చాడు. ఆయన తల ఆవిడ ఒళ్లో ఉంది. ఆవిడ చీరకున్న కారం ఘాటుకి యూసుఫ్ దారంతా దగ్గుతూనే ఉన్నాడు. యలమందయ్య దగ్గలేదు.

షాపు షట్టరు దించారు. వెనక షెడ్డులో బల్ల మీద సగం ఒలిచిన హ్యాండిల్ అలాగే ఉంది. నల్ల స్టిక్కరు ఒకవైపు చుట్టలు చుట్టుకుని వేలాడుతోంది, దాని పక్కన రెండు వేళ్ల ఇనుము తెల్లగా కనపడుతోంది.