గూడెం వెళ్ళాలా, వద్దా

సత్యవాణి కలిదిండిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నవంబరులో తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్ద స్కూలు వాళ్ళు ఫోన్ చేశారు. జీతం ఎక్కువ, ఉండటానికి క్వార్టర్సు. నెలాఖరులోగా మాట చెప్పాలి. భర్త హేమంత్‌కుమార్ చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేస్తాడు. "ఆ పని ఎక్కడైనా దొరుకుతుంది. నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడు.

ఆమె దేవుణ్ణి అడిగింది. రోజూ బైబిలు వాక్యాల చీటీలుండే వాగ్దానాల డబ్బాలోంచి ఒక చీటీ తీసేది. ఒకరోజు చీటీ బయలుదేరమన్నట్టుంది. మర్నాటిది ఉన్నచోటే ఉండమన్నట్టుంది. మూడోరోజుది వర్షం గురించి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఈ సంగతి క్రీస్తుదాసు అయ్యగారికి చెప్పుకుంది. ఆయన రిటైరైన పాస్టరు. చూపు బాగా తగ్గింది. చర్చి పక్క గదిలో ఒక్కరే ఉంటున్నారు.

"పొద్దున్నే వచ్చి నాకొక అధ్యాయం చదివిపెట్టమ్మా. తర్వాత కాసేపు ఇద్దరం ప్రార్థనలో కూర్చుందాం. ఒక పది రోజులు గూడెం మాట దేవుడి దగ్గర ఎత్తకు" అన్నారు.

"అడక్కపోతే ఎలా చెప్తాడండీ?"

"మా ఆవిడని నేను పెద్దగా అడిగేవాణ్ణి కాదమ్మా. పక్కన కూర్చుంటే ఆవిడకేం నచ్చలేదో తెలిసిపోయేది."

మొదటి నాలుగు రోజులూ కళ్ళు మూసుకుంటే జీతం, క్వార్టర్సే గుర్తొచ్చాయి. అయిదోరోజు చదవడం అయ్యాక పద్మప్రియ గుర్తొచ్చింది. స్కూల్లో తెలుగు చెబుతుంది. ఆగస్టు మీటింగులో హెడ్మాస్టరు ముందు సత్యవాణి, "ఈవిడ పిల్లల నోట్సులే దిద్దడం లేదండీ" అంది. అప్పుడు పద్మప్రియ తల్లి ఏలూరు ఆసుపత్రిలో ఉందని తర్వాత తెలిసింది. తెలిసినా ఊరుకుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడూ అదే మొహం గుర్తొచ్చింది. అయ్యగారికి చెప్పేసింది. ఆయన తీర్పేమీ చెప్పలేదు. పద్మప్రియ పేరుపెట్టి ప్రార్థన చేశారు, ఆమె తల్లి కోసం కూడా.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో సత్యవాణి పద్మప్రియ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజు తెలీక అన్నానండీ. తెలిశాక కూడా నోరు విప్పలేదు. అదే పెద్ద తప్పు. క్షమించండి."

పద్మప్రియ దిద్దుతున్న నోట్సు మూసింది. "మూడు నెలలు పట్టిందండీ మీకు" అంది. తర్వాత పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసింది. "కూర్చోండి. అమ్మకి ఇప్పుడు బానే ఉంది."

పదోరోజు పొద్దున్న అయ్యగారే అడిగారు. "ఇంతకీ ఏం చెప్పాడమ్మా?"

"గూడెం గురించి ఏమీ చెప్పలేదండీ. పద్మప్రియ గారి గురించి చెప్పాడు. నేను ఆవిణ్ణి తప్పించుకోడానికే ఊరు మారదామనుకున్నానని నాకప్పుడు తెలిసింది."

"అయితే వెళ్ళవా?"

"వెళ్ళనండీ. రానని నిన్న ఫోన్ చేసి చెప్పేశాను. మనసు తేలిగ్గా ఉంది. ఆ జీతం తల్చుకుంటేనే కొంచెం బాధ."

ఆయన గట్టిగా నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది.

డిసెంబరులో ఆరో తరగతి పిల్లల్ని ఇద్దరు టీచర్లూ కలిసి ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళారు. కొల్లేటి నీళ్ళ మీద పడవ మెల్లగా సాగుతోంది. చెట్ల నిండా ఉన్న గూడబాతుల్ని చూసి పిల్లలు ఒకటే గోల. పద్మప్రియ చిన్నప్పుడు నాన్నతో ఇక్కడికి వచ్చిన సంగతి చెబుతోంది. ఆ గోలలో సరిగ్గా వినపడక సత్యవాణి ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.